హెచ్‌ఐవీ సామాజిక పరిశోధనలోకి డిగ్రీ విద్యార్థులు: మొదటి ఏడాది వారికి ఏ పని ఇవ్వాలి?

కొత్త మార్గదర్శి (చర్చ ప్రారంభం)

అందరికీ నమస్కారం. నేను ప్రజారోగ్య విభాగంలో బోధిస్తాను. హెచ్‌ఐవీ చికిత్సను మధ్యలో ఆపేసినవారు తిరిగి ఎలా వస్తారు, కొందరు ఎందుకు రాలేకపోతారు అన్నది నా పరిశోధనాంశం. ఈ ఏడాది నలుగురు డిగ్రీ విద్యార్థులు నా దగ్గర పని నేర్చుకుంటామని వచ్చారు. ఒకరిది మనస్తత్వశాస్త్రం, ఒకరిది సామాజికశాస్త్రం, మిగతా ఇద్దరిది జీవశాస్త్రం. ఎవరికీ పరిశోధనానుభవం లేదు. ఆసక్తి మాత్రం నిండుగా ఉంది.

గత ఏడాది జరిగింది మళ్లీ జరుగుతుందేమోనన్నదే నా భయం. అప్పుడు వచ్చిన ఇద్దరికి, నింపిన ప్రశ్నావళులను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని, ఇంటర్వ్యూల ఆడియోను విని అక్షరాల్లో పెట్టే పని అప్పగించాను. ఎనిమిది నెలల పాటు ఏ రోజు పని ఆ రోజే పూర్తి చేశారు. వెళ్లిపోయే ముందు వారిలో ఒకమ్మాయిని, ఈ అధ్యయనం దేనికోసమో నీ మాటల్లో చెప్పమని అడిగితే, ఆమె కాసేపు ఆలోచించి "మందులు వేసుకోని వాళ్ల గురించి కదా సార్" అని ఊరుకుంది. మా సమాచారమంతా తన చేతుల మీదుగా వెళ్లినా అది ఏ ప్రశ్నకు జవాబో ఆమెకు తెలియలేదు. అందులో ఆమె లోపమేమీ లేదు; నేను ఎన్నడూ కూర్చోబెట్టి చెప్పకపోవడం వల్ల జరిగిన అన్యాయం అది. ఆ ఇద్దరూ ఇప్పుడు వేరే రంగాల్లో ఉన్నారు.

అందుకే మిమ్మల్ని మూడు విషయాలు అడుగుతున్నాను. మొదటి ఏడాది విద్యార్థికి ఏ పని ఇస్తే అతడు పరిశోధకుడిలా ఆలోచించడం నేర్చుకుంటాడు? హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారితో నేరుగా మాట్లాడే అవకాశం ఎప్పుడు ఇవ్వాలి? ఈ రంగంలో భవిష్యత్తు ఉందా అని వారు అడిగినప్పుడు, 2025లో నిధులు ఆగిన తర్వాతి పరిస్థితుల్లో ఏం చెప్పాలి?

క్షేత్ర పరిశోధకురాలు

ఆడియోను అక్షరాల్లో పెట్టే పనిని తక్కువగా చూడకండి. మా పరిశోధనలో అంతకంటే మంచి బడి లేదని నా నమ్మకం. మీరు ఇచ్చిన పని సరైనదే గాని, ఇచ్చాక వారి పక్కన కూర్చోలేదు, అంతే.

ఒక ఉదాహరణ చెబుతాను. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను. నా దగ్గర రెండో ఏడాది చదువుతున్న ఒక విద్యార్థిని మొదటి ఇంటర్వ్యూను రాసి తెచ్చింది. "మందులు రోజూ వేసుకుంటున్నారా?" అన్న ప్రశ్న కింద "రోజూ వేసుకుంటాను" అని ఒక్క వాక్యం ఉంది. ఆ ఆడియోను ఇద్దరం కలిసి మళ్లీ విన్నాం. ప్రశ్న తర్వాత ఆరేడు సెకన్ల మౌనం ఉంది. అంతకుముందు తలుపు తెరుచుకున్న చప్పుడు లీలగా వినిపిస్తోంది. ఆ పైన గొంతు తగ్గించి "వేసుకుంటాను... వేసుకుంటూనే ఉన్నాను కదా, రోజూ" అన్న మాటలు వచ్చాయి. ఆ అమ్మాయి చెవుల నుంచి హెడ్‌ఫోన్ తీసి, "అప్పుడు గదిలోకి ఎవరైనా వచ్చారా మేడమ్?" అని అడిగింది. ఇంటర్వ్యూ చేసినవారి నోట్స్ తెరిచి చూస్తే, ఇంట్లోవారు ఒకరు మధ్యలో వచ్చి కూర్చున్నారని రాసి ఉంది. అక్కడి నుంచి జవాబులన్నీ పొట్టివైపోయాయి. తర్వాతి వారం ఆ అమ్మాయి తనంతట తానే మిగతా ఇంటర్వ్యూలలో కూడా మూడో మనిషి ఉన్న చోట్లు వెతికి గుర్తుపెట్టింది. ఆ గుర్తులే మా విశ్లేషణలో ఒక భాగమయ్యాయి.

ఆ ఒక్క గంటలో ఆమె నేర్చుకున్నదాన్ని నేను పది ఉపన్యాసాల్లో చెప్పలేను. కాబట్టి మౌనాలను, తడబాట్లను, సగంలో ఆగిన వాక్యాలను తుడిచేయకుండా రాయమనండి, మొదటి మూడు ఇంటర్వ్యూలను మీరే పక్కన కూర్చుని వినండి, ప్రతి దాని చివర "ఈ మనిషి చెప్పకుండా వదిలేసింది ఏమై ఉంటుంది?" అన్న ప్రశ్నకు అర పేజీ రాయించండి. ఊహను ఊహగానే రాయాలని, దాన్ని సాక్ష్యంగా లెక్కించకూడదని కూడా అప్పుడే చెప్పండి.

క్షేత్రంలోకి ఎప్పుడు అన్న ప్రశ్నకు నా జవాబు ఖచ్చితమైనది. మొదటి ఆరు నెలలు వద్దు. నైతికతపై ఆన్‌లైన్ శిక్షణ కొన్ని గంటల్లో పూర్తవుతుంది, సర్టిఫికెట్ వస్తుంది. మనుషులపై చేసే పరిశోధనకు నైతిక నియమాలు చెప్పిన 1979 నాటి బెల్మాంట్ నివేదికలోని మూడు సూత్రాలను, అంటే వ్యక్తుల పట్ల గౌరవం, మేలు చేయడం, న్యాయం అన్నవాటిని విద్యార్థి అప్పజెప్పగలడు కూడా. కానీ ఎదుటి మనిషి ఏడుస్తున్నప్పుడు రికార్డర్ ఆపాలా వద్దా అన్నది ఆ సర్టిఫికెట్ నేర్పదు.

గణాంకాల ఉపాధ్యాయుడు

క్షేత్ర పరిశోధకురాలు గారు చెప్పిన ఆ ఆరేడు సెకన్ల మౌనానికి అంకెల్లో రుజువు ఉంది. నేను ఏటా మొదటి పాఠాన్ని దానితోనే మొదలుపెడతాను.

దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేలలో 5,029 మంది మహిళలతో జరిగిన వాయిస్ అధ్యయనం గురించి మీకు తెలిసే ఉంటుంది. హెచ్‌ఐవీ సోకకుండా ముందుగానే వాడే రెండు రకాల మాత్రలను, ఒక జెల్‌ను అందులో పరీక్షించారు. మందులు వాడుతున్నారా అని అడిగితే వచ్చిన జవాబుల ప్రకారం వాడకం 90 శాతం. వాడకుండా తిరిగి తెచ్చినవాటిని లెక్కపెడితే 86 శాతం. రక్త నమూనాలను పరీక్షిస్తే మందు కనిపించినవి 25 నుంచి 30 శాతం మాత్రమే. 2013లో ఈ ఫలితాలు బయటికి వచ్చినప్పుడు, మూడింటిలో ఏదీ రక్షణ ఇచ్చినట్టు తేలలేదు. లోపం మందులో ఉందా, వాడకంలో ఉందా అన్నది ఆ ఒక్క రక్తపరీక్ష లేకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు.

నేను మొదట ఈ మూడు అంకెలను మాత్రమే పలకపై రాసి, కారణం చెప్పకుండా విద్యార్థులను అరగంట వదిలేస్తాను. దాదాపు అందరూ మొదట "వాళ్లు అబద్ధం చెప్పారు" అంటారు. అక్కడే అసలు పాఠం మొదలవుతుంది. తర్వాత గుణాత్మక పరిశోధకులు అదే మహిళల్లో కొందరికి వారి రక్త ఫలితాలను చూపించి మళ్లీ మాట్లాడినప్పుడు అసలు సంగతులు బయటపడ్డాయి. దుష్ప్రభావాల భయం, తోటివారు వద్దనడం, ఆ మాత్రలు కనబడితే తమకే హెచ్‌ఐవీ ఉందని అనుకుంటారేమోనన్న ఆందోళన, ఇంకా పనిచేస్తుందో లేదో తెలియని మందుపై అపనమ్మకం వంటివి అవి. "అబద్ధం" అన్న మాటను పలకపై నుంచి విద్యార్థి చేతనే తుడిపిస్తాను.

దీనికి తోడు ఒక చిన్న అభ్యాసం చేయిస్తాను. ఒక్కొక్కరికి 28 చక్కెర బిళ్లలున్న సీసా ఇచ్చి, రెండు వారాల పాటు ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వేసుకుని చీటీలో రాయమంటాను. గడువు ముగిశాక చీటీలను, సీసాలను పక్కపక్కన పెట్టి చూస్తాం. మొదటిసారి చేయించినప్పుడు చీటీలు దాదాపు నిండుగా ఉన్నాయి. ఒక్కటి తప్ప ఏ సీసా కూడా ఖాళీ కాలేదు. చీటీతో సరిపోయింది ఆ ఒక్క సీసానే. దాని తాలూకు అబ్బాయి తరగతి అయ్యాక నా గదికి వచ్చి, మిగిలిన ఆరు బిళ్లలను తరగతికి వచ్చే ముందే చెత్తబుట్టలో పడేశానని చెప్పాడు. "మీరు నన్ను తిట్టరని తెలుసు సార్, అయినా ఎందుకు అలా చేశానో నాకే తెలియదు" అన్నాడు. అతడిప్పుడు స్వయంగా చెప్పే సమాధానాల విశ్వసనీయతపైనే పీజీ ప్రాజెక్టు చేస్తున్నాడు.

ఆరు నెలలు క్షేత్రం వద్దన్న మాటతో మాత్రం నేను ఏకీభవించలేను. ఆరు నెలలంటే విద్యార్థికి విద్యా సంవత్సరంలో సగానికి పైనే. అంతకాలం మనుషుల ముఖం చూడకపోతే, అతడికి ఈ పని అంకెల పని అనే అనిపిస్తుంది.

సలహా మండలి సభ్యుడు

నేను పరిశోధకుడిని కాను. హెచ్‌ఐవీతో 19 ఏళ్లుగా జీవిస్తున్నాను. ఒక పరిశోధన కేంద్రానికి సముదాయం తరఫున సలహా ఇచ్చే మండలిలో ఉన్నాను. విద్యార్థులను మా దగ్గరికి తీసుకువచ్చే మార్గదర్శులను చాలామందిని చూశాను కాబట్టి నాలుగు మాటలు చెబుతాను.

గణాంకాల ఉపాధ్యాయుడు గారి చక్కెర బిళ్లల అభ్యాసం మంచిదే. అయితే అది ముగిశాక "ఇప్పుడు వాళ్ల బాధ మాకు తెలిసింది" అని ఏ విద్యార్థీ అనకుండా చూసుకోండి. ఆ సీసాను బల్లపై పెట్టుకుని తిరగవచ్చు. నేను నా మాత్రలను అయిదేళ్ల పాటు లేబుల్ చింపిన వేరే సీసాలో దాచుకున్నాను. మతిమరుపు ఇద్దరికీ ఉండవచ్చు గాని, దాచుకోవలసిన అవసరం నాకు మాత్రమే ఉంది.

కొత్త మార్గదర్శి గారూ, మీ మొదటి సందేశంలోని "చికిత్సను మధ్యలో ఆపేసినవారు" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. రిజిస్టరులో కనబడని ప్రతి మనిషీ ఆపేసినవాడు కాదు. కొందరు ఊరు మారి వేరే కేంద్రంలో మందులు తీసుకుంటుంటారు, కొందరు జైల్లోనో ఆసుపత్రిలోనో ఉంటారు, కొందరు చనిపోయి ఉంటారు, కొందరికి ఆ నెల కేంద్రంలో మందే దొరకలేదు. వీరందరినీ "ఆపేసినవారు" అన్న ఒక్క మాటలో పెడితే, వెతకకముందే తప్పు మా మీదికి వస్తుంది. మీ విద్యార్థులు నేర్చుకునే మొదటి పదం ఇదే అవుతుంది కాబట్టి చెబుతున్నాను.

మాటల గురించిన ఈ పట్టుదల కొత్తది కాదు. 1983లో అమెరికాలోని డెన్వర్‌లో ఎయిడ్స్‌తో జీవిస్తున్నవారు కొందరు చేరి, తమను బాధితులని పిలవవద్దని, తమ గురించి నిర్ణయాలు జరిగే ప్రతి చోటా తమకు స్థానం కావాలని రాసి ప్రకటించారు. ఆ జబ్బుకు చికిత్సే లేక ప్రాణాలు పోతున్న రోజులవి. ఆ రోజుల్లో కూడా వారు మాటను వదల్లేదు. 1994లో ప్యారిస్‌లో 42 దేశాలు ఆ భాగస్వామ్యాన్ని సూత్రంగా ఒప్పుకున్నాయి. ఈ చరిత్ర తెలియని విద్యార్థి మా మండలిని ఎథిక్స్ కమిటీ కోసం పెట్టిన ఒక ఫారంగా చూస్తాడు.

మరొక్క మాట. విద్యార్థులను మా సమావేశానికి పంపేటప్పుడు మమ్మల్ని చూడటానికి పంపకండి. ఒక పని ఇచ్చి పంపండి. సమావేశపు మినిట్స్ రాయమనండి, వాటిని తిరిగి మాకు చదివి వినిపించమనండి, మేము తప్పన్నవి దిద్దమనండి. నా మాటను వేరొకరు రాసి నాకే చదివి వినిపించినప్పుడు, మా ఇద్దరికీ కూడా ఏదో తెలుస్తుంది.

కొత్త మార్గదర్శి

సలహా మండలి సభ్యుడు గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. నా ప్రాజెక్టు శీర్షికలోనే ఆ మాట ఉంది. మూడేళ్లుగా రాస్తున్నాను, ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మారుస్తాను.

మూడో ఏడాది విద్యార్థిని

మార్గదర్శులు మాట్లాడుకునే చోట నేను రాయవచ్చో లేదో తెలియదు. ఏడాదిన్నరగా ఒక హెచ్‌ఐవీ అధ్యయనంలో సహాయకురాలిగా ఉన్నాను కాబట్టి, మీరు అడిగినదానికి అవతలి వైపు నుంచి జవాబు చెప్పాలనిపించింది.

మొదటి నెలల్లో సమావేశాల్లో నాకు సగం మాటలు అర్థమయ్యేవి కావు. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్క), సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) వంటివి చదువుకున్నాను గాని, "ఈ స్కేలు మన జనాభాకు పనికిరాదు" అని ఒకరంటే అందరూ తలలు ఊపేవారు. ఎందుకు పనికిరాదో అడగడానికి భయమేసేది. అడిగితే తెలివితక్కువదాన్నని అనుకుంటారేమో అనిపించేది. నన్ను ఆ భయం నుంచి బయటికి తెచ్చింది ఒక చిన్న పని. మా మేడమ్ ఒకరోజు తన వ్యాసాన్ని ఒక పత్రిక తిరస్కరిస్తూ పంపిన సమీక్షలను నా చేతిలో పెట్టి, "ఇందులో ఏ విమర్శ న్యాయమైనదో, ఏది కాదో నువ్వు చెప్పు" అన్నారు. అంత పెద్దవారి పనిని కూడా అంత కఠినంగా ప్రశ్నిస్తారని, ఆమె దాన్ని దాచుకోకుండా నాకు చూపించారని తెలిశాక, ప్రశ్న అడగడం పట్ల నా సిగ్గు పోయింది. అందులో రెండు విమర్శలు న్యాయమైనవని చెప్పాను. ఒకదాన్ని ఆమె ఒప్పుకున్నారు. రెండోదానిపై గంటసేపు వాదించుకున్నాం.

మీరు ఇంతవరకు చెప్పుకోని విషయం ఒకటి ఉంది. ఈ అంశంపై పని చేస్తున్నానని చెప్పగానే బంధువులు మొదట అడిగేది, ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నావని. ఆ ప్రశ్న వెనక "నీకేమైనా ఉందా?" అన్న ఇంకో ప్రశ్న దాగి ఉంటుంది. ఒక స్నేహితురాలు నేరుగానే అడిగింది. "లేదు" అని గబుక్కున చెప్పేశాను. ఆ రాత్రంతా ఆ "లేదు" అన్న తీరే నన్ను బాధపెట్టింది. అది చెడ్డ విషయమన్నట్టు తోసేశాను. దాని గురించి మాట్లాడుకునే చోటు మాకు కావాలి. ఇంటర్వ్యూలు విన్న రోజు సాయంత్రం పది నిమిషాలు ఎవరైనా "ఎలా ఉన్నావు?" అని అడిగితే చాలు.

ఇంకొకటి జీతం లేని పని గురించి. మా బృందంలో నాతో పాటు చేరిన అబ్బాయి రెండు నెలలకే మానేశాడు. ఆసక్తి లేక కాదు, సాయంత్రాలు డబ్బు సంపాదించుకోవలసిన అవసరం ఉండటం వల్ల. ఉచితంగా పని చేయగలిగినవారు మాత్రమే మిగిలితే, ఈ రంగంలోకి ఎవరు వస్తారో మీరే ఆలోచించండి.

క్షేత్ర పరిశోధకురాలు

అమ్మాయీ, నువ్వు రాయకపోతే ఈ చర్చలో ముఖ్యమైనదే ఉండేది కాదు. మా బృందంలో ఇంటర్వ్యూలు విన్న ప్రతి రోజూ చివర పావుగంట కలిసి కూర్చోవడం నియమం. ఆ పావుగంటలో పని గురించి మాట్లాడం.

జీతం విషయంలో మార్గదర్శులు చేయగలిగింది ఉంది. గ్రాంటు బడ్జెట్ రాసేటప్పుడే విద్యార్థి సహాయకుల గౌరవవేతనాన్ని ఒక పద్దుగా పెట్టాలి. తర్వాత చూద్దామనుకుంటే ఎప్పటికీ జరగదు. డబ్బు బొత్తిగా లేకపోతే, కనీసం ఆ పనికి కోర్సు క్రెడిట్లు వచ్చేలా విభాగంతో మాట్లాడాలి.

గణాంకాల ఉపాధ్యాయుడు

వ్యాసంలో పేరు గురించి కూడా మొదట్లోనే చెప్పాలి. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ రచయితకు నాలుగు షరతులు పెట్టింది. పరిశోధనకు చెప్పుకోదగ్గ మేధాపరమైన తోడ్పాటు ఇవ్వాలి, వ్యాసం రాయడంలోనో సవరించడంలోనో పాల్గొనాలి, తుది ప్రతిని ఆమోదించాలి, అందులోని విషయానికి జవాబుదారీగా ఉండాలి. నాలుగూ ఉండాలి. అక్షరాల్లో పెట్టిన పనికి మాత్రమే రచయిత స్థానం రాదు, కృతజ్ఞతల్లో పేరు వస్తుంది. కానీ క్షేత్ర పరిశోధకురాలు గారి విద్యార్థినిలా, ఇంటర్వ్యూల్లో మూడో మనిషి ఉన్న చోట్లను వెతికిపెట్టినవారికి, ఆ భాగం రాసే అవకాశం కూడా ఇస్తే రచయిత అయ్యే దారి తెరుచుకుంటుంది. ఆ దారి తెరవడం మన చేతిలో ఉంది.

పీహెచ్‌డీ మూడో ఏడు

భవిష్యత్తు గురించిన ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నేను పని చేసిన అధ్యయనం 2025లో మధ్యలో ఆగిపోయింది. ఆ జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయాన్ని 90 రోజుల సమీక్ష పేరిట నిలిపివేసింది. ఇతర దేశాల్లో హెచ్‌ఐవీ నివారణకు, చికిత్సకు అమెరికా నిధులిచ్చే, 2003 నుంచి నడుస్తున్న పెప్‌ఫార్ కార్యక్రమంపై ఆధారపడిన ఎన్నో సేవలు ఉన్నట్టుండి స్తంభించాయి. ఆ దేశపు జాతీయ ఆరోగ్య సంస్థలు అదే ఏడాది హెచ్‌ఐవీకి సంబంధించిన అనేక పరిశోధన గ్రాంట్లను రద్దు చేశాయి. ప్రపంచంలో హెచ్‌ఐవీ పరిశోధనకు నిధులిచ్చేవారిలో అతి పెద్దది ఆ ప్రభుత్వమే కాబట్టి దెబ్బ అన్ని చోట్లా తగిలింది. మా ప్రాజెక్టులో తదుపరి ఇంటర్వ్యూకు వస్తామని తేదీ ఇచ్చిన మనుషులకు నేనే ఫోన్ చేసి రావద్దని చెప్పాను. ఒకావిడ "మేమేమైనా తప్పు చెప్పామా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబివ్వడానికి నాకు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు.

ఇదంతా చూశాక, "రండి, ఈ రంగం మీకోసం ఎదురుచూస్తోంది" అని డిగ్రీ విద్యార్థులతో అనడం నాకు న్యాయంగా అనిపించడం లేదు. ఉన్నదున్నట్టు చెప్పాలి. నిధులు ఒక ప్రభుత్వ నిర్ణయంతో పోగలవు. కేవలం హెచ్‌ఐవీ పేరు మీదే బతకగల ఉద్యోగాలు తక్కువ. అదే సమయంలో, ఇక్కడ నేర్చుకున్న ఇంటర్వ్యూ నైపుణ్యం, సర్వే రూపకల్పన, గణాంక విశ్లేషణ, గోప్యంగా ఉంచవలసిన సమాచారాన్ని కాపాడే క్రమశిక్షణ ఎక్కడికైనా వెంట వస్తాయి. క్షయ, మానసిక ఆరోగ్యం, మాదకద్రవ్యాల వ్యసనం, ఆరోగ్య కార్యక్రమాల మూల్యాంకనం, ఇవన్నీ ఆ నైపుణ్యాలతోనే నడుస్తాయి. నా తోటివారిలో ఒకరు అధ్యయన సమన్వయకర్తగా, ఒకరు డేటా నిర్వహణలో, ఒకరు సమాజ సేవా కోర్సు చేసి కౌన్సెలింగ్‌లో స్థిరపడ్డారు. పీహెచ్‌డీ ఒక్కటే దారి అని విద్యార్థికి అనిపించేలా చేయడం మార్గదర్శులు తెలియక చేసే తప్పు.

గణాంకాల ఉపాధ్యాయుడు

మీ బాధ అర్థమైంది, నిజం చెప్పాలన్నదానితో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే నిజంలో రెండో సగం కూడా చెప్పాలి. 2023 చివరికి ప్రపంచంలో 3 కోట్ల 99 లక్షల మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారని, ఆ ఏడాది 13 లక్షల మందికి కొత్తగా సోకిందని యూఎన్‌ఎయిడ్స్ అంచనా. 2024లో వెలువడిన అధ్యయనంలో, ఆరు నెలలకొకసారి వేసే లెనాకాపవిర్ సూదిమందు తీసుకున్న 2,134 మంది మహిళల్లో ఒక్కరికి కూడా హెచ్‌ఐవీ సోకలేదు. అది కూడా దక్షిణాఫ్రికా, ఉగాండాలలోనే జరిగింది. అంటే వాయిస్ అధ్యయనం జరిగిన దేశాల్లోనే. రోజూ మాత్ర మింగే భారం లేకుండా చేయడమే ఆ మందు బలం. ఆ భారం ఎంత పెద్దదో లోకానికి చూపింది మనుషులను అడిగి, విని, మళ్లీ అడిగిన సామాజిక పరిశోధకులే. ఇక ఆ సూది కోసం ఆరు నెలల తర్వాత ఎవరు తిరిగి వస్తారు, ఎవరు రాలేరు, వరుసలో నిలబడటానికి ఎవరు భయపడతారు అన్నవి ఎవరో ఒకరు అడగవలసిన ప్రశ్నలు.

ఒక విద్యార్థి, ఒక గురువు కలిసి ఏం చేయగలరో చెప్పడానికి నేను తరగతిలో 1986 సంగతి చెబుతాను. మద్రాసు వైద్య కళాశాలలో సూక్ష్మజీవశాస్త్ర ఆచార్యురాలు సునీతి సోలమన్ గారు, థీసిస్‌కు అంశం వెతుక్కుంటున్న తన పీజీ విద్యార్థిని నిర్మల గారికి ఈ పని సూచించారు. ఆమె సెక్స్ వర్కర్ల నుంచి సేకరించిన రక్త నమూనాలను వేలూరులో పరీక్షించినప్పుడు ఈ దేశంలో హెచ్‌ఐవీ ఉన్నట్టు మొదటిసారి తేలింది.

సలహా మండలి సభ్యుడు

ఆ సంగతి చెప్పేటప్పుడు ఆ రక్తం ఎవరిదో కూడా చెప్పండి. గురువు పేరు, విద్యార్థిని పేరు చరిత్రలో ఉన్నాయి, ఉండాలి కూడా. ఆ మహిళలకు తర్వాత ఏమైందని మీ తరగతిలో ఒక్క విద్యార్థి అడిగినా, ఆ విద్యార్థిని వదులుకోకండి.

ప్రశ్నల విషయానికొస్తే నా దగ్గర కూడా ఒకటి ఉంది. ఒకరికి ఉండి ఒకరికి లేని 888 జంటలను గమనించి, వైరల్ లోడ్ అదుపులో ఉన్నంతకాలం భాగస్వామి నుంచి ఒక్కరికి కూడా సోకలేదని 2016లోనే పార్ట్‌నర్ అధ్యయనం తేల్చింది. నాకు ఆ సంగతి తెలిసింది మూడేళ్ల తర్వాత, ఒక తోటి రోగి ద్వారా. నన్ను నెలనెలా చూసే ఆరోగ్య సిబ్బందికి అది తెలుసు, కానీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదన్నది డిగ్రీ విద్యార్థి చేయదగిన పరిశోధన కాదా?

నిర్వాహకురాలు

చర్చ చక్కగా సాగుతోంది. ఒక సభ్యుడు నాకు విడిగా పంపిన ప్రశ్నను ఆయన అనుమతితో ఇక్కడ పెడుతున్నాను. ఆయన విద్యార్థి ఒకరు అధ్యయన జాబితాలో తనకు తెలిసిన మనిషి పేరు చూశాడు. ఏం చేయాలో తోచక మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు.

నా జవాబు ఇది. డిగ్రీ విద్యార్థి చేతికి పేర్లున్న జాబితా వెళ్లడమే మొదటి పొరపాటు; కోడ్ సంఖ్యలు మాత్రమే వెళ్లాలి. అయినా గొంతును బట్టి గుర్తుపట్టే సందర్భాలు వస్తాయి. అందుకే పనిలో చేరిన రోజే, "ఎవరినైనా గుర్తుపడితే ఆ ఫైలు మూసి నాకు చెప్పు, ఎవరో చెప్పనవసరం లేదు, ఫైలు సంఖ్య చెప్పు చాలు" అని మార్గదర్శి నోటితో చెప్పాలి. ఆ ఫైలు వేరొకరికి వెళ్తుంది, విద్యార్థిపై ఏ మచ్చా పడదు. గోప్యత పత్రంపై సంతకం తీసుకుంటే సరిపోతుందనుకోవద్దు.

అలాగే విద్యార్థి హెచ్‌ఐవీ స్థితిని మార్గదర్శి ఎన్నడూ అడగకూడదు. విద్యార్థి తానుగా చెబితే, దాన్ని ఆ గదిలోనే ఉంచాలి. సిఫారసు లేఖలో "స్వీయానుభవం" వంటి మాటతో సూచనగా కూడా రాయకూడదు.

క్షేత్ర పరిశోధకురాలు

ఆరు నెలల విషయంలో నా మాటను కొంత సవరించుకుంటున్నాను. ఒంటరిగా ఇంటర్వ్యూ చేయడానికి ఆరు నెలలు ఆగాలి. కానీ సలహా మండలి సభ్యుడు గారు చెప్పినట్టు మినిట్స్ రాసే పనితో రెండో నెలలోనే సమావేశానికి వెళ్లవచ్చు. వచ్చే విడత నుంచి నేనూ అలాగే చేస్తాను.

కొత్త మార్గదర్శి

మీ అందరి మాటలూ నలుగురు విద్యార్థులతో పంచుకున్నాను. భవిష్యత్తు గురించి పీహెచ్‌డీ మూడో ఏడు గారు రాసినదాన్ని కూడా దాచకుండా చదివి వినిపించాను. ఒకరు ఆలోచించుకోవడానికి వారం గడువు అడిగారు. ముగ్గురు ఉంటామన్నారు. విభాగంతో మాట్లాడాను, ఈ సెమిస్టరుకు క్రెడిట్లు ఒప్పుకున్నారు, గౌరవవేతనం తదుపరి బడ్జెట్‌లో పెడుతున్నాను.

మొదటి పనిగా మా ఇంటర్వ్యూ ప్రశ్నావళిని వారి ముందు పెట్టి, ఎక్కడ తప్పు పట్టాలో చూడమన్నాను. "మీరు చికిత్స ఎందుకు ఆపేశారు?" అన్న నాలుగో ప్రశ్న దగ్గర సామాజికశాస్త్రం విద్యార్థి ఆగి, ఇది అడిగినట్టు లేదు, నిలదీసినట్టు ఉందన్నాడు. గంటసేపు మాట్లాడుకుని దాన్ని ఇలా మార్చారు: "మీరు చివరిసారి మందులు తీసుకున్నప్పటి నుంచి ఇప్పటివరకు ఏం జరిగిందో చెబుతారా?" సలహా మండలి సభ్యుడు గారు దీన్ని చూడాలని వారి కోరిక.

సలహా మండలి సభ్యుడు

చాలా మెరుగైంది, వారికి నా అభినందనలు చెప్పండి. "చివరిసారి" అన్న మాట ఒక్కటి నాకు గుచ్చుకుంది. ఇక అయిపోయిందన్నట్టు వినిపిస్తోంది. "మందులు లేకుండా గడిచిన రోజుల గురించి చెబుతారా?" అని అడిగితే, అవి దొరకలేదో, వేసుకోలేదో, ఇంకెక్కడైనా తీసుకున్నారో ఆ మనిషే చెప్పుకుంటాడు.

కొత్త మార్గదర్శి

మీ ప్రశ్ననే పెట్టాం. సోమవారం నలుగురూ ఒకరినొకరు ఆ ప్రశ్న అడిగి, రికార్డు చేసుకుని, మౌనాలతో సహా రాసుకుని రాబోతున్నారు. అవును, నలుగురూ, గడువు అడిగిన విద్యార్థిని కూడా నిన్న వచ్చి చేరింది.